తల్లుల గది

పెద్దిరాజుగారి హేచరీలో ఒక గదికి పగలన్నది లేదు. రాజోలు దాటి సముద్రం వైపు పోతుంటే, కొబ్బరితోటలు పలచబడి చెరువులు మొదలయ్యేచోట ఉంటుంది ఆ హేచరీ. అక్కడ రొయ్యపిల్లల్ని పుట్టించి, నీళ్ళసంచుల్లో నింపి చెరువులవాళ్ళకి అమ్ముతారు. ఆ పిల్లల్ని కనే తల్లులుండేది ఆ గదిలో. కిటికీలకి నల్ల పట్టాలు, గుమ్మానికి రెండు వరసల నల్ల తెర, లోపల ఒక్కటే ఎర్ర బల్బు. తల్లి రొయ్య గుడ్లు పెట్టేది చీకట్లో. మనుషులు పనిచేసేది పగలు. అందుకని రాత్రిని తెచ్చి పగట్లో కట్టేశారు. డబ్బున్నవాళ్ళు తలుచుకుంటే పొద్దుని కూడా అటూ ఇటూ జరుపుతారు మరి.

ఆ గదిలో పనికి చేరింది నాగదుర్గ. నదీ సముద్రమూ కలిసేచోట పడవలమీద బతికిన ఇంటిపిల్ల, రాజోలు కాలేజీలో డిగ్రీ చదివింది. ఆమె భర్త గంగబాబు బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. ఒకరోజు ఇంజను భుజంమీద పడి, కుడిచెయ్యి పైకెత్తలేకుండా అయిపోయాడు. అప్పట్నుంచీ ఇల్లు నాగదుర్గ జీతంమీదే నడవాలి. హేచరీలో ఆర్నెల్లు ప్రొబేషన్ అన్నారు. పని నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే ఏ రోజుకారోజే దండం.

చేరిన కొద్దిరోజులకే ఆమెకు నెల తప్పింది.

సంతోషించాల్సిన కబురే. కానీ నాగదుర్గ అదివరకు ఒకసారి సంతోషించి ఉంది. అప్పుడు రొయ్యలు వలిచే షెడ్డులో కొత్తగా చేరింది. కడుపుతో ఉన్నానని సూపర్‌వైజరుకి నవ్వుతూ చెప్పింది. ఆయనా నవ్వుతూనే విని, మర్నాడు గేటు దగ్గరే ఆపేసి, "ఇంటిదగ్గర రెస్టు తీసుకోండమ్మా" అన్నాడు. పని పోయింది. తరవాత కొన్నాళ్ళకి కడుపూ నిలవలేదు. రెండూ ఒకదాని వెనక ఒకటి పోయేసరికి, నోరు విప్పడం వల్లే పోయాయని ఆమె మనసులో ముద్రపడిపోయింది. అందుకే ఈసారి పర్మనెంటు అయ్యేదాకా అక్కడ పెదవి కదపకూడదనుకుంది. ఇంట్లో గంగబాబుకీ, అత్తగారు పైడమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు.

పైడమ్మ కబురు వినగానే కోడలి చేతిలోంచి కత్తిపీట లాగేసుకుంది.

"ఇయ్యాల్టినుంచి కడుపులో జన ఉన్న చేప నువ్వు కొయ్యకు దుర్గా. తల్లి కడుపు తల్లి కొయ్యకూడదు."

ఆ ఇళ్ళల్లో అది కొత్త మాట కాదు. కోడలు కడుపుతో ఉంటే, గుడ్లున్న చేపని అత్తో ఆడపడుచో కోస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. నాగదుర్గ డిగ్రీలో జంతుశాస్త్రం చదివింది, అయినా అడగలేదు. "అలాగే అత్తయ్యా" అని ఊరుకుంది. హేచరీలో తను చేసే పనేమిటో మాత్రం అత్తకి చెప్పలేదు.

ఆ పని ఇది. కొత్తగా వచ్చిన ఆడరొయ్యకి ఒక కన్ను తీసెయ్యాలి. కంటి కాడలో గుడ్లని ఎదగనివ్వకుండా ఆపే గ్రంథి ఉంటుంది. కాల్చిన పట్టకారుతో ఆ కాడని నొక్కేస్తే చాలు, అడ్డు పోయి రోజుల్లోనే కడుపు నిండుతుంది. చాలా హేచరీల్లో చేసే పనే, వింతేమీ లేదు. తరవాత రోజూ టార్చి పట్టుకుని తొట్ల చుట్టూ తిరగాలి. వీపు పొడుగునా ముదురు పచ్చని చార కనిపిస్తే తల్లికి నెలలు నిండినట్టు. దాన్ని మెల్లగా తీసి గుడ్లు పెట్టే తొట్టిలో వదలాలి.

వలతో రొయ్యని పట్టి అందించే మనిషి అప్పాయమ్మ. ఆ గదిలో ఏళ్ళ తరబడి ఉండి, మాట కూడా గుసగుసగానే మాట్లాడటం అలవాటైపోయిన ముసలామె. మొదటిరోజే నాగదుర్గకి తన సిద్ధాంతం చెప్పింది.

"గ్రంథో ఏదో అంటారు గానీ పాపా, సంగతి అది కాదు. రెండు కళ్ళుంటే లోకమంతా కనపడతాది. భయపడి కడుపులోదాన్ని ఆపుకుంటాది. ఒక్క కన్నయితే భయం సగమే. కనేస్తాది."

ఆ గదిలో ఒక మూల పేము కుర్చీ ఉండేది, పూలదిండుతో. అందులో ఎవరూ కూర్చోగా నాగదుర్గ చూడలేదు. కానీ దానిమీద దుమ్మూ ఉండేది కాదు, అప్పాయమ్మ రోజూ తుడిచేది. ఎవరి కుర్చీ అని అడిగితే, "ఉంటాదిలే" అంది.

నెల తప్పినట్టు తెలిసిన మర్నాడు నాగదుర్గ పట్టకారు పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. ఎర్రటి వెలుతురులో తడిబట్టలో చుట్టిన తల్లి, మీసాలు మాత్రం కదుపుతోంది. తల్లి కడుపు తల్లి కొయ్యకూడదంటే, తల్లి కన్ను తియ్యొచ్చా? చదువు ఒకటి చెబుతోంది, ఇల్లు ఒకటి చెబుతోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి పట్టకారు కంటిదాకా తెచ్చి, నొక్కినట్టు నటించి, రెండు కళ్ళతోనే తొట్లో వదిలేసింది. ఆ రోజునుంచి కొత్తగా వచ్చిన ప్రతి తల్లినీ అలాగే వదిలింది. ఆ చీకట్లో ఎవరు చూస్తారని ధైర్యం. అప్పాయమ్మ చూసింది. చూసి, వలతో తరవాతి తల్లిని అందించింది.

ఇక ఇవి గుడ్లు పెట్టవు, పని రాదని తనని పంపించేస్తారు అని నాగదుర్గ వణికింది. కానీ అవి పెట్టాయి. ఒంటికన్ను తల్లులకంటే ముందు పెట్టాయి, ఎక్కువ పెట్టాయి. పిల్లలు పుట్టుకొస్తుంటే తొట్లు చాలలేదు. అంతకుముందే మేత మార్చారు, అందుకే అలా అయిందని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కావచ్చు. మేతకి అంత మహిమ ఉంటే ఆమె వెళ్ళిపోయాక ఏమైందో మరి, వాళ్ళనే అడగాలి.

పెద్దిరాజుగారు స్వయంగా గుమ్మందాకా వచ్చి మెచ్చుకున్నారు. "మీ చెయ్యి మంచిదమ్మా. లక్ష్మీ హస్తం" అన్నారు. ఆయన ఎంత చిన్నవాళ్ళనైనా మీరు అనే పిలిచేవారు.

నాగదుర్గకి ఆ మెప్పు చేదుగా తగిలింది. ఎందుకంటే అప్పటికే ఆమె ఒకటి కనిపెట్టింది. రొయ్యకి వెలుతురు గిట్టదు. టార్చి వేస్తే చెల్లాచెదురై పారిపోతుంది. ఇవి పారిపోవడం మానేశాయి. ఆమె ఏ తొట్టి దగ్గర నిలబడితే ఆ తొట్టిలో తల్లులన్నీ నెమ్మదిగా, కాళ్ళతో నేలమీద నడుచుకుంటూ, ఆమె వైపు గోడకి వచ్చి చేరేవి. తలలన్నీ ఆమెకేసి. టార్చి వెలుగులో వాటి కళ్ళు నిప్పుకణికల్లా మెరిసేవి. ఆమె ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు. అప్పాయమ్మ నిలబడితే మాత్రం ఒక్కటీ కదిలేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం, బయట మండుటెండ, లోపల ఎప్పటి రాత్రే. గాలిగొట్టాల బుడబుడ తప్ప చప్పుడు లేదు. నాగదుర్గ ఉండబట్టలేక అడిగింది.

"ఎందుకిలా వస్తున్నాయి పిన్నిగారూ?"

"నీ చెయ్యి చూసి కాదు పాపా. నీ కడుపు చూసి" అంది అప్పాయమ్మ.

నాగదుర్గ కొంగు ముందుకి లాక్కుంది. ఇంకా పైకి కనిపించే నెలలు కావు.

"నీకు ముందు పద్మశ్రీ అని ఓ పిల్ల ఉండేది. ఆ పిల్లా ఇలాగే దాచింది. అప్పుడూ ఇలాగే వచ్చేయి, ఇలాగే కనేసేయి. రాజుగారు ఎంత సంతోషించేరో. ఆ కుర్చీ ఆ పిల్లకోసమే వేయించేరు."

"ఆవిడ కాన్పు?"

అప్పాయమ్మ వలలోని నీళ్ళు దులిపింది. "నెలలు నిండేయి. నెప్పులే రాలేదు. ఇక్కడియ్యన్నీ కనేసేయి కదా పాపా, ఆ పిల్లకి కనడానికేమీ మిగల్లేదు" అంది.

ఆ మాట విన్నాక నాగదుర్గకి అన్నం సయించలేదు. పద్మశ్రీకి బిడ్డ దక్కకపోవడం మందుల వాసన వల్ల అయి ఉంటుంది, రక్తం తక్కువై అయి ఉంటుంది, అప్పాయమ్మది మూఢనమ్మకం అయి ఉంటుంది. ఇన్ని 'అయి ఉంటుంది'లు పక్కన పెట్టుకుని ఏ తల్లీ నిద్రపోలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. చెప్పకపోతే ఆ గదిలోనే ఉండాలి. గంగబాబుకి చెప్పుకుంటే అతను ఎడమచేత్తో ఆమె తల నిమిరి, "ఉద్యోగం ఇంకోటి వస్తాదే. చెప్పేసెయ్యి" అన్నాడు. అన్నాక అటు తిరిగి పడుకున్నాడు, ఆ ఇంకోటి ఎక్కడుందో అతనికీ తెలియదు కాబట్టి.

మర్నాడు పొద్దున్నే రాజుగారి ఆఫీసు గదికి వెళ్ళింది. తెల్లటి ట్యూబులైట్లు, ఏసీ, గోడమీద తండ్రిగారి ఫోటోకి చందనం దండ. పెద్దిరాజుగారు లేచి నిలబడ్డారు.

"రండమ్మా రండి. కూర్చోండి. బొండం తాగుతారా? ఇప్పుడే దింపించేను." తనే కొట్టి, గ్లాసులో పోసి, స్ట్రా వేసి ముందు పెట్టారు.

అంత మర్యాదకి నాగదుర్గ తల ఎత్తలేకపోయింది. గ్లాసుకేసి చూస్తూనే ఒక్క గుక్కలో చెప్పేసింది. "నాకు మూడు నెలలు దాటేయండి. కడుపుతో ఉన్నానండి. ముందే చెప్పకపోవడం తప్పేనండి. ఇంతకుముందు పనిచేసినచోట చెప్పగానే మానిపించేసేరండి, ఆ భయంతో చెప్పలేదండి. ప్రొబేషన్ అని తీసెయ్యకండి రాజుగారూ. ఆ గదిలోంచి మార్చి ప్యాకింగుకైనా వెయ్యండి, పిల్లల తొట్లు కడగమన్నా కడుగుతానండి."

రాజుగారు శాంతంగా విన్నారు.

"ఆయ్. తెలుసమ్మా" అన్నారు.

"ఎవరు చెప్పేరండి?"

"రొయ్యలు చెప్పేయమ్మా." నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదది, పెళ్ళిలో పెద్దమనిషి నవ్వే నవ్వు. "మానిపించడమా! ఎంత మాటన్నారు. మీరు ఇవాళ్టినుంచే పర్మనెంటు. ప్రొబేషనూ లేదు, ఏమీ లేదు. కాన్పు ఖర్చంతా నాది. సరేనా?"

కొంగు చాచి అడగబోయినవన్నీ అడక్కుండానే ఒళ్ళో పడ్డాయి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మరి ఈయన పెడుతున్నాడే! నాగదుర్గ గ్లాసు ముట్టుకోలేదు.

"గది మారుస్తారాండి?"

"అదొక్కటీ అడక్కండమ్మా. పనేమీ చెయ్యొద్దు. కళ్ళు తియ్యొద్దు, మీరెలాగూ తియ్యట్లేదు కదా. పొద్దున్న వచ్చి ఆ కుర్చీలో కూర్చోండి. సాయంత్రం కారులో దింపిస్తాను. మిమ్మల్ని చూస్తే వాటికి ధైర్యమండి."

"పద్మశ్రీగారు కూడా కూర్చునేవారాండి?"

"ఆయ్. కూర్చునేవారు."

"ఆవిడ బిడ్డ ఏమైందండి?"

రాజుగారు గ్లాసు ఇంకొంచెం ఆమె వైపు జరిపారు. "బొండం తాగండమ్మా. చలవ చేస్తాది" అన్నారు.

అతివినయం ధూర్తలక్షణమని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆయన మొహంలో దుర్మార్గం వెతికితే దొరకదు, అదే భయం. కొబ్బరిచెట్టుకి నీళ్ళు పెట్టేవాడు చెట్టుకేసి చూసినంత ప్రేమగా చూస్తున్నారు.

క్యారేజీ డబ్బా తెచ్చుకుంటానని లేచి తల్లుల గదికి వెళ్ళింది నాగదుర్గ. తెర దాటి లోపలికి రాగానే కళ్ళకి చీకటి కమ్మింది. కాసేపటికి ఎర్రవెలుతురు అలవాటైంది. అన్ని తొట్లలోనూ తల్లులు మూల కుర్చీ ఉన్న వైపుకి చేరి ఉన్నాయి. ఆమె ఇంకా అక్కడికి వెళ్ళనేలేదు.

వెళ్ళిపోదామనే అనుకుంది. కానీ పర్మనెంటు అన్న మాట చెవిలో మోగుతోంది. నిజం చెప్పాలంటే ఆమె కాళ్ళు పీకుతున్నాయి కూడా. కూర్చుంటే ఏమవుతుందో చూద్దామని కూర్చుంది. దిండు అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు గోరువెచ్చగా ఉంది.

ఏమీ కాలేదు. హాయిగా ఉంది. బుడబుడమనే నీళ్ళు జోల పాడుతున్నట్టున్నాయి. గంగబాబు భుజం గురించి బెంగ లేదు. రేపటి గురించి బెంగ లేదు. ఇంత చిన్న సంగతికి ఎందుకంత గింజుకున్నానని నవ్వొచ్చింది. తొట్ల అంచుల దగ్గర ఎర్ర కళ్ళు వరసగా ఆమెనే చూస్తున్నాయి, ఆమె వాటిని చూస్తోంది. పోయిన బిడ్డని తలుచుకుంది. ఎప్పుడు తలుచుకున్నా గొంతు దగ్గర ఒక ముల్లు గుచ్చుకునేది. ఇప్పుడు గుచ్చుకోలేదు. ఆ నొప్పి ఎక్కడా లేదు. వెతికినా లేదు.

ఆ ముల్లు పోతే బాగుండునని ఎన్ని దేవుళ్ళకి మొక్కుకుందో. పోయాక తెలిసింది, ఆ బిడ్డ ఉండేదని తనకి మిగిలిన గుర్తు అదొక్కటేనని. ఇది పోతే, కడుపులో ఉన్నదాని గురించి భయమూ పోతుంది. ఆ తరవాత పోయేదేమిటో పద్మశ్రీకి తెలుసు.

నాగదుర్గ కేకపెట్టి లేచింది. ఆ గదిలో ఎన్నేళ్ళుగానో ఎవరూ అంత గట్టిగా అరవలేదు. తొట్లన్నిటిలో నీళ్ళు ఎగిసిపడ్డాయి. తల్లులు గోడలకి కొట్టుకుని చెదిరిపోయాయి. అప్పాయమ్మ పరుగెత్తుకొచ్చింది. నాగదుర్గ కుర్చీని రెండు చేతులా పట్టుకుని గుమ్మం వైపు ఈడ్చింది. ముసలామె ఒక్క క్షణం తటపటాయించి, తెర పైకెత్తి పట్టుకుంది.

తల్లులన్నిటినీ తీసుకెళ్ళి కాలవలో వదిలేసిందని చెప్పగలిగితే బాగుండేది. వదల్లేదు. అవి రాజుగారి సొత్తు, ఆమె పోలీసు స్టేషను మెట్లెక్కగల మనిషి కాదు. కుర్చీని ఎండలో పడేసి, క్యారేజీ డబ్బా కూడా మర్చిపోయి, గేటు దాటి రోడ్డెక్కింది. ఎండకి కళ్ళు మూసుకుపోతుంటే అలాగే నడిచింది. ముల్లు మళ్ళీ గొంతులోకి వచ్చింది. దాన్ని పట్టుకుని ఏడ్చింది.

కొన్నాళ్ళకి అప్పాయమ్మ డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్ళింది. కుర్చీ మర్నాడే లోపలికి వచ్చేసిందని, రెండు కళ్ళ తల్లులు గుడ్లు పెట్టడం మానేశాయని, రాజుగారు మనిషికోసం చూస్తున్నారని చెప్పింది. "కొత్తగా పెళ్ళైన పిల్లలెవరైనా ఉంటే చెప్పమన్నారు" అని ఆగి, "నేను చెప్పను పాపా" అంది. చెప్పిందో లేదో మనకి తెలియదు. మన నాగదుర్గ మాత్రం రాజోలు బస్టాండులో కనిపించిన ప్రతి కొత్తపెళ్ళికూతురికీ, ఎరిగినా ఎరగకపోయినా, ఆ హేచరీలో చేరొద్దని చెప్పేది. కొందరు పిచ్చిదనుకున్నారు.

తాటిపాకలో చెరువులకి మందులూ మేతలూ అమ్మే కొట్టు ఒకటి ఉంది. దాని యజమానురాలు వెంకటరమణమ్మ. అక్కడ పని ఉందని తెలిసి నాగదుర్గ వెళ్ళింది. గడప దాటకముందే, "నాకు అయిదో నెలండి. ముందే చెబుతున్నానండి. ఇష్టమైతేనే పెట్టుకోండి" అంది.

వెంకటరమణమ్మ కళ్ళజోడులోంచి ఎగాదిగా చూసింది. "కాన్పుకి మూణ్ణెల్లు జీతం ఇవ్వలేనమ్మా, ఒక నెల ఇస్తాను. బస్తాలు మొయ్యకు. అయిదో నెల పెట్టుకుని ఎండలో నిలబడ్డావే, ఇలా వచ్చి కుర్చీలో కూర్చో."

"వద్దండి, నిలబడతానండి" అంది నాగదుర్గ, రెండడుగులు వెనక్కి వేసి. ఆ కొట్లో పనిచేసినన్నాళ్ళూ బస్తామీద కూర్చుంది గానీ కుర్చీ ముట్టుకోలేదు.

నెలలు నిండాయి. నెప్పులు వచ్చాయి. అమలాపురం ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. పైడమ్మ తెల్లటి బట్టలో చుట్టి తెచ్చి పక్కలో పడుకోబెట్టింది. పిల్ల బొద్దుగా ఉంది, పాలు తాగింది, అంతా బాగుంది. ఒక్కటే. ఒక కన్నే తెరిచింది.

రెండో రెప్ప ఉబ్బి అతుక్కుపోయి ఉంది. పుట్టినప్పుడు ఒత్తుకుని ఉంటుంది, తగ్గిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. నాగదుర్గ విన్నట్టు తలూపింది. పిల్ల ఏడవడం లేదు. పక్క మంచాల పిల్లలు ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడుస్తుంటే, ఈ పిల్ల ఒంటికన్నుతో పైకప్పుకేసి శాంతంగా చూస్తూ పడుకునేది. చూడవచ్చినవాళ్ళంతా, "ఎంత బుద్ధిమంతురాలండీ, అసలు భయమే లేదు" అని ముచ్చటపడేవారు. ఆ మాట అన్నప్పుడల్లా నాగదుర్గ పక్కదుప్పటి పిడికిట్లో బిగించేది. తాను కూర్చున్న ఆ కాస్తసేపూ లెక్కలోకి వచ్చిందేమోనని ఆమె భయం.

ఒక పొద్దున్న గంగబాబు కిటికీ తలుపు తోశాడు. నీరెండ తిన్నగా వచ్చి పిల్ల మొహంమీద పడింది. మూసి ఉన్న రెప్ప వణికింది. సన్నగా విడింది, మళ్ళీ మూసుకుంది, పూర్తిగా తెరుచుకుంది. పిల్ల రెండు కళ్ళతో ఎండని చూసింది, తిరిగే ఫ్యానుని చూసింది, తనమీదకి వంగిన తల్లి మొహాన్ని చూసింది. చూసి బెదిరిపోయి, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటూ, వార్డంతా ఉలిక్కిపడేలా గుక్కపట్టి ఏడ్చింది.

నాగదుర్గ పిల్లని ఎత్తి గుండెకి హత్తుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గంగబాబుకి అర్థం కాలేదు. ఊరుకోబెట్టమని పైడమ్మ అంటున్నా వినిపించుకోకుండా, పిల్ల చెవిలో అదేపనిగా చెబుతోంది.

"భయపడు తల్లీ. భయపడు. మా అమ్మే, భయపడు."